రెండు వందల పద్నాలుగు ఎలుకలు

కోయంబత్తూరు,
డిసెంబరు 8.

చిరంజీవి బాలకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ అవ్వ మోకాలు ఒక్కటి తప్ప తక్కినవన్నీ బాగున్నాయి. అక్కడ నువ్వు వేళకు తిని, కంటినిండా నిద్రపోతున్నావని తలుస్తాను. నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. మీ నాయన లేత్ పట్టరైలో పని ముగించుకుని అప్పుడే వచ్చి, చేతులకున్న నూనె తుడుచుకోకుండానే కవరు చించబోతే నేను లాక్కున్నాను. అవ్వకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి చదివేటప్పుడు, నువ్వు పరుగు పందెంలో మూడోవాడిగా వచ్చావన్న చోట ఆపమని, మళ్ళీ మొదటినుంచి చదివించుకుంది.

మీ ట్రైనింగ్ వాళ్ళు ఫోన్లు తీసేసుకోవడం నాకొక విధంగా మంచిదే అయింది. మా నాయన గూడూరులో రైల్వే గార్డుగా ఉన్నప్పుడు స్టేషను బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్న తెలుగు అక్షరాలివి. పోదనూరు రైల్వే కాలనీలో అరుగు మీద కూర్చోబెట్టి నాకు నేర్పాడు. నేను నీకు నేర్పాను, నువ్వు ఎంత సణిగినా వదల్లేదు. ఇన్నాళ్ళకు అవి పనికొచ్చాయి. నీకు చదవడానికి తేలికగా ఉండాలని పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నువ్వు మూడు ప్రశ్నలడిగావు. మొదటిది, నీ గదిలో ఉండే ఒంగోలు అబ్బాయి నీ మాట విని నవ్వుతున్నాడని. ‘ఉండాది’ అంటే నవ్వుతాడా? నవ్వనీ. మన పెద్దలు ఎన్నో తరాల కిందట ఇటు వచ్చేటప్పుడు మూట కట్టుకొచ్చిన మాట అది. చుట్టూ తమిళం ఉన్నా ఇంట్లో ఆరిపోకుండా కాపాడుకున్నాం. వాళ్ళ ముత్తవ్వ ఏమనేదో ఒకసారి కనుక్కోమను.

రెండో ప్రశ్నకు జవాబు పెద్దది. “అమ్మా, నువ్వు కళ్ళతో చూడని జంతువులకు బరువెట్లా రాస్తావు?” అని అడిగావు. నాలుగేళ్ళుగా నేను పోతున్న ఆఫీసులో ఏం చేస్తానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు ప్లస్ టూలో ఉన్నప్పుడు కంప్యూటరులో అంకెలు ఎక్కించే ఉద్యోగమని చేరాను. ఇప్పటికీ అదే పని. కానీ ఆ అంకెలు ఏమిటో తెలిశాక, పని పనిలా లేదు.

మన దేశపు అడవుల్లో, పొలాల్లో, సముద్రంలో పిల్లలకు పాలిచ్చి పెంచే జంతువులు నాలుగు వందల రకాలకు పైగా ఉన్నాయి. ఒక్కో రకానికి ఒక్కో వరుస. ఏనుగుకు ఒకటే వరుస, గుప్పిట్లో ఇమిడే గబ్బిలానికీ ఒకటే వరుస. ఒక్కో వరుసలో బోలెడు గళ్ళు. బరువెంత, పొడవెంత, ఏం తింటుంది, పగలు తిరుగుతుందా రాత్రి తిరుగుతుందా, ఎన్నాళ్ళు మోస్తుంది, ఈతకు ఎన్ని పిల్లలు. ఎవరెవరో ఎప్పుడెప్పుడో కొలిచి రాసినవన్నీ వెతికి, సరిచూసి, ఒక్కచోట చేర్చడం మా పని. ఎందుకంటే, రేపు వానలు తగ్గినా అడవి కొట్టేసినా ఏది తట్టుకుంటుంది, ఏది పోతుంది అన్నది ఈ గళ్ళలోంచే తెలియాలి. ఏది దొరికితే అది తిని, ఈతకు ఎనిమిదేసి పిల్లల్ని పెట్టే ఎలుక ఎలాగో నిలబడుతుంది. చీమలూ చెదలూ తప్ప ఇంకేమీ ముట్టని అలుగు, ఒక్క పిల్లను వీపున వేసుకుని తిరిగేది, దాని సంగతేమిటి? దిండుక్కల్లు వైపు తుమ్మచెట్లలో ఉండే దేవాంగు పిల్లి నాకు అరచేతిలోకి వచ్చినంత దగ్గరైంది. దాన్ని నేను ఒక్కసారీ చూడలేదు.

మూడో ప్రశ్నకు జవాబు చివర రాస్తాను. దాటవేస్తున్నానని అనుకోకు. ముందు ఒకాయన గురించి చెప్పాలి.

వేసవిలో మా ఆఫీసుకు ఒక అట్టపెట్టె వచ్చింది. ఎప్పుడో మూతపడిన ఒక వ్యవసాయ ఆఫీసులో ఎలుకల పరిశోధన విభాగం ఉండేదట. దాని రిజిస్టర్లు. ఇరవై రెండేళ్ళపాటు కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి పొలాల్లో పట్టిన ఎలుకలు, రెండు వందల పద్నాలుగు. ఒక్కోదానికి బరువు, పొడవు, తోక, పాదం. రాసినవారి పేరు ఉండవలసిన చోట ‘అ.సా.’ అని రెండక్షరాలు. ఆఫీసరు సంతకం ఎక్కడా లేదు.

మా పెద్దాయన కల్యాణసుందరం సార్ సంగతి నీకు తెలుసు, కామా తప్పినా ఒప్పుకోరు. కొత్తగా వచ్చిన కొలతలను ముందు ఒక్కో జంతువుకు ఒక్కో వరుసగా వేరే పట్టికలో ఎక్కించి, ‘నమ్మకం’ అని ఒక గడి పెట్టించారు. అందులో ‘ఉంది’ అని పెడితే ఆ వరుస జాబితాలోకి పోతుంది, ‘లేదు’ అంటే పక్కన పడుతుంది. ఈ రిజిస్టర్లు చూసి తేల్చమని నాకే ఇచ్చారు.

చూశాను. బరువులు చాలాచోట్ల పుస్తకాల్లో ఉన్నదానికన్నా తక్కువ. పైగా అంచున తమిళంలో ‘వ’ అని రాసి, పక్కన గీతకు అటూ ఇటూ రెండు అంకెలు. వ 15/6. వ 24/8. ‘వ’ అంటే తమిళంలో ‘వలదు’, అంటే కుడి, అనుకున్నాను. పాదం గడిలో ఇరవై మూడు అని ఉంటే, అంచున కుడి పాదం పదిహేనో ఆరో తేల్చుకోలేక రెండూ రాసినట్టుంది. ఏ ఎలుకైనా అలాంటి కాళ్ళతో నడుస్తుందా? ఈ మనిషికి కొలవడం రాదు అనుకున్నాను. ఇంకో మాట కూడా దాచకుండా రాస్తాను. పేరు పక్కన చదువు లేకపోవడం చూసి సగం అప్పుడే తేల్చేశాను. నేను మాత్రం చదివింది బీకామే.

మొదటి గడిలో ‘లేదు’ అని కొట్టి, మౌసుతో కిందికి లాగాను. రెండు వందల పద్నాలుగు గళ్ళూ ‘లేదు’ అయిపోయాయి. మూడు సెకన్లు పట్టి ఉంటుంది.

పోయిన నెల జాబితా మూసేసి ముద్రణకు పంపే గడువు వచ్చింది. ఇంకా రెండు రోజులుందనగా పక్కన పెట్టినవాటిని చివరిసారి తిరగేస్తున్నాను. ఆ ‘వ’ మళ్ళీ కంటబడింది. ఈసారి ఎందుకో పక్క గడి కూడా చూశాను. ‘వ’ ఉన్నవన్నీ ఆడవే. అరవై మూడు చోట్ల ఉంది, ఒక్క మగదానికీ లేదు. మగ ఎలుకలకు కుడికాలు ఉండదా? అప్పుడు మగవాటి బరువులు తీసి పుస్తకాలతో పోల్చాను. సరిగ్గా సరిపోతున్నాయి. తక్కువగా ఉన్నవన్నీ ‘వ’ ఉన్న ఆడవే.

ఆ రిజిస్టర్లు పంపినవాళ్ళకు ఫోన్ చేసి అడిగితే, ‘అ.సా.’ అంటే అయ్యసామి అని, అటెండరుగా చేరి అటెండరుగానే రిటైరయ్యారని, ఎట్టయపురం దారిలో ఉన్న ఊరి పేరు ఒకటి చెప్పారు. మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కాను. మదురైలో ఆరప్పాళయం బస్టాండులో దిగి, మాట్టుత్తావణి బస్టాండుకు పోయి ఇంకో బస్సు పట్టి, కోవిల్‌పట్టిలో మరొకటి మారి, ఆ ఊరు చేరేసరికి పన్నెండు కావొచ్చింది.

ఆయన అప్పుడే మినప చేనులో కలుపు తీసి వచ్చి, వాకిట్లో కాళ్ళకున్న నల్లమట్టి కడుక్కుంటున్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. నేను తమిళంలో ఎవరినో చెబుతుండగా లోపలినుంచి ఆయన భార్య వెంకటమ్మాళ్, “ఎవురంట?” అని అడిగింది. నేనూ తెలుగుకు మారిపోయాను.

“మనోళ్ళేనా తాయీ?” అన్నారాయన. “అట్టయితే యాల వాకిట్లో నిలబడుండావు? లోపలికి రా.”

వెంకటమ్మాళ్ మజ్జిగ కలిపిన సజ్జ అంబలి లోటాలో పోసి చేతికిచ్చింది. నేను రిజిస్టరు పేజీల జిరాక్సులు ఆయన ముందు పెట్టాను. ఆయన తువాలుతో చేతులు రెండుసార్లు తుడుచుకుని, కాగితం దూరంగా పట్టుకుని చూశారు.

“ఇది నా రాత,” అన్నారు చివరికి. “ఆఫీసు మూసినప్పుడు పాత పేపరోళ్ళకి ఏసేసినారనుకొంటి.”

“అయ్యా, అంచున ఈ ‘వ’ ఏమిటి? నేను వలదు అనుకున్నాను, కుడి పాదం.”

“వలదా? ఎలుకకి ఆ కాలికొక కొలత, ఈ కాలికొక అళవు ఉంటాదా తాయీ?” ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అడిగారు. “అది వయిరు, కడుపు. చూలు ఎలుకని కోసినప్పుడు కడుపులో సంచి తీసి వేరేగా తూకం ఏస్తా. పదైదు గ్రాము, ఆరు పిల్ల. అదే వ పదైదు కింద ఆరు. తల్లి బరువు, దాని ఎడై, పక్కన గళ్ళో రాస్తా.”

“అలా రాయమని ఎవరు చెప్పారు?”

“ఎవురూ చెప్పలే. ఆఫీసరయ్య మొత్తం ఎడైనే తన షీట్లో రాసుకొనె. నాకు మనసొప్పలే. కడుపులోది దాని ఎడై గాదు గదా? పిల్లలు పుట్టినాక ఆ తల్లి ఎంత ఉంటాదో, అదీ దాని ఎడై.”

ఇప్పుడు మా సార్ లాంటివాళ్ళు పెద్ద పెద్ద వ్యాసాల్లో, చూలు బరువు కలిస్తే లెక్క చెడుతుంది, విడిగా చూడాలి అని రాస్తారు. ఆ సంగతి ఐదో క్లాసుతో బడి మానిన మనిషి, ఒక స్ప్రింగు తక్కెడ పెట్టుకుని, పొలం గట్టు మీద కూర్చుని తనంతట తానే కనిపెట్టుకున్నారు. ఎవరూ అడగకపోయినా ఇరవై రెండేళ్ళు ఒక్కరోజూ తప్పకుండా అలాగే రాశారు.

నేను చేసింది చెప్పకుండా అక్కడ అంబలి తాగలేకపోయాను. “అయ్యా, నేను వీటికి నమ్మకం లేదని పెట్టాను. జాబితాలోంచి తీసేశాను,” అన్నాను.

“రెండు నూర్ల పద్నాలుగుకీనా?”

“అవును.”

“ఒగటన్నా సరిగా ఉన్నట్టు తోచలేదా?”

ఆయన కాగితాలు నా చేతికిచ్చి, “సరి, ఇప్పుడు చూద్దాం. ఒగటో నంబరు కాణించి చదువు,” అని కళ్ళు మూసుకున్నారు.

చదివాను. నేను నంబరూ తేదీ చెబితే ఆయన ఆ ఎలుక ఎక్కడ దొరికిందో చెప్పేవారు. “అది పత్తి చేను. రెండు బొరియలు, ఒగటి మూసుండె.” ఇంకొకటి చదివితే, “అది మెత్త బొచ్చుది. బోనులోనే ఈనింది, అందుకే దానికి వయిరు రాయలే.” కానీ నాకు నమ్మకం కుదిరింది వాటివల్ల కాదు. మధ్య మధ్య, “గురుతులేదు తాయీ. గురుతులేంది చెప్పను,” అన్నారు చూడు, అందువల్ల. పద్దెనిమిదిసార్లు అలా అన్నారు. ఒక్కసారీ ఊహించి చెప్పలేదు.

తిరిగి వచ్చి సార్ ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. “ఆయన మాట నేను నమ్ముతాను. కానీ మాటను జాబితాలో పెట్టలేం కదమ్మా. కాగితం మీద ఆధారం కావాలి. బుధవారం దాకా ఆపుతాను,” అన్నారు.

ఆధారం ఎక్కడుందో అయ్యసామి గారే చెప్పారు. ఆఫీసరు మొత్తం బరువు రాసిన షీట్లను టైపు చేసింది జోతిమణి అనే ఆవిడ. ఇప్పుడు అవినాశిలో కూతురింట్లో ఉందట. మంగళవారం నాయన పట్టరై మూసి, మోపెడ్ మీద నన్ను అవినాశి తీసుకెళ్ళాడు. జోతిమణి గారు ట్రంకుపెట్టె అడుగునుంచి పసుపు బట్టలో చుట్టిన కార్బన్ కాపీలు తీశారు. ఆఫీసు మూసేటప్పుడు అన్నీ పారేయమన్నారట. తాను కొట్టిన అక్షరాలు పారేయడానికి చేతులు రాక చివరి ఆరేళ్ళవి తెచ్చుకున్నారట.

ఆ ఆరేళ్ళలో చూలుతో దొరికినవి పందొమ్మిది. తల్లి బరువు, వయిరు బరువు కూడితే షీట్లో ఉన్న మొత్తం రావాలి. నాయన చదువుతుంటే నేను మొత్తాలు కూడుతూ పోయాను. పద్దెనిమిది సరిపోయాయి. ఒక్కటి రాలేదు. మాకు ఎనభై మూడు వస్తే షీట్లో ఎనభై ఎనిమిది. జోతిమణి గారు కళ్ళద్దాలు సర్దుకుని ఆ కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు.

“ఇది నా పొరపాటమ్మా. ఆఫీసరు రాతలో మూడు ఎనిమిదిలా ఉండేది, తొందరలో ఎనిమిది కొట్టేదాన్ని. ఆ ఏడాదిలో ఇంకో రెండు చోట్ల కూడా ఉంటుంది చూడు, తోక కొలతలో,” అన్నారు. చూస్తే ఉన్నాయి. ముప్పై ఏళ్ళ కిందటి తన తప్పును ఆవిడ ఎంత మామూలుగా ఒప్పుకుందో చూసి నేను తలెత్తలేకపోయాను.

బుధవారం సార్ పందొమ్మిదింటినీ పెన్సిలుతో తానే కూడి చూసుకున్నారు. తర్వాత ‘చూలు తీసిన బరువు’ అని కొత్త గడి ఒకటి పెట్టించారు. మా జాబితాలో ఇంకే వరుసలోనూ ఆ గడి నిండలేదు. నేను ‘లేదు’ని ‘ఉంది’గా మార్చాను. ఈసారి లాగలేదు. ఒక్కో వరుస చదివి ఒక్కోటిగా కొట్టాను. ఎవరు కొలిచారన్న చోట పొట్టి అక్షరాలు తీసేసి అయ్యసామి అని పూర్తిగా రాశాను. సాయంత్రమైంది. సార్ ఇంటికి పోకుండా నేను ముగించేదాకా కూర్చున్నారు.

ఇక మూడో ప్రశ్న. “అమ్మా, ఆ ఆదివారం నీకు నిజంగా జ్వరమేనా? చెప్పేటప్పుడు నాయన నా ముఖం చూడలేదు,” అని రాశావు.

జ్వరం కాదు బాలా. నేను అయ్యసామి గారింటికి పోయింది ఆ ఆదివారమే. నవంబరు పదిహేడు. నాలుగు నెలల తర్వాత తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చే రోజు. శనివారం మధ్యాహ్నం ఆ ‘వ’ సంగతి బయటపడింది, సోమవారం జాబితా మూస్తారు. సాయంత్రం నీ దగ్గరికి రావడానికి పోదనూరులో కణ్ణూరు రైలెక్కవలసినదాన్ని, నాయనను ఒక్కణ్ణే ఎక్కించాను. జ్వరమని చెప్పమన్నది నేనే. ఆయన వద్దన్నాడు. పోట్లాడి ఒప్పించాను. నాయన మీద కోపం పెట్టుకోకు.

ఇంతవరకే రాస్తే, ఒక పెద్దాయన కష్టం కాపాడటానికి అమ్మ అలా చేసిందని నువ్వు సరిపెట్టుకుంటావు. అది పూర్తి నిజం కాదు. సార్ బుధవారం దాకా ఆపారు కదా. శనివారం నేను ఒక్క ఫోన్ చేసి ఉంటే అప్పుడే ఆపేవారు. సోమవారం పోయినా సరిపోయేది. నేను చెయ్యలేదు. అంత పెద్ద తప్పు చేశానని ఆయనతో చెప్పడానికి సిగ్గేసింది. ముందు నేనే పోయి, అసలు సంగతి తెలుసుకుని, సరిదిద్దుకుని అప్పుడు చెబుదామనుకున్నాను. నా పరువు ఒక్కరోజు నిలుపుకోవడానికి నిన్ను గేటు దగ్గర నిలబెట్టాను. నువ్వు నాలుగింటి దాకా రోడ్డు వైపే చూస్తున్నావని, మధ్యలో జ్వరం తగ్గి అమ్మ వస్తుందేమోనని రెండుసార్లు అన్నావని నాయన చెప్పాడు.

అయ్యసామి గారింట్లో రిజిస్టరు చదువుతుండగానే నాయన ఫోన్ వచ్చింది. నేను వాకిట్లోకి పోయి మాట్లాడాను. గొంతు తగ్గించాననుకున్నాను గానీ, లోపలికి రాగానే అయ్యసామి గారు కాగితాలు పక్కన పెట్టేశారు.

“ఎవురు నిలబడుండేది?” అని అడిగారు.

చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. నేను ఆయన ఎలుకలన్నిటికీ ‘లేదు’ అని పెట్టానని చెప్పినప్పుడు కూడా అలా మారలేదు.

“ఈ ఎలుకలు చచ్చి ముప్పై ఏండ్లాయె తాయీ. ఇంకో పది దినాలు ఓర్చుకోవా? బిడ్డ నిలబడుండేది ఈ పొద్దు,” అన్నారు. “అబద్ధం చెప్పి నా ఇంటికి వచ్చినావా?”

వెంకటమ్మాళ్ ఆయన్ని ఊరుకోమంది. ఆయన ఊరుకోలేదు. మిగతా పేజీలు విననన్నారు. నేను ఎంతో బతిమాలాక ఒక్క షరతు మీద మళ్ళీ చదవమన్నారు. నీకు నిజం రాయాలి, ఎవరి చేతా చెప్పించకూడదు, నా చేత్తోనే రాయాలి అని. సరేనన్నాను. రాయడానికి మూడు వారాలు పట్టింది.

పోయిన వారం ఆయనకు ఫోన్ చేసి, జాబితాలో మీ పేరు పడింది, అచ్చు కాపీ పంపుతానని చెప్పాను. సంతోషించారు. వెంకటమ్మాళ్‌ని పిలిచి ఆమెకూ చెప్పించారు. ఆ తర్వాత, “పిల్లోడికి రాసినావా?” అని అడిగారు. లేదన్నాను. ఫోన్ పెట్టేశారు. ఆ రోజునుంచి కాగితం తీసి పెట్టుకుని, ఈ ఆదివారానికి కూర్చోగలిగాను.

నేను అంత గౌరవించే మనిషి నీ పక్షం మాట్లాడాడు. అందుకే నా పక్షాన చెప్పుకోవడానికి నాకేమీ మిగల్లేదు.

మిమ్మల్ని మళ్ళీ చూడనిచ్చేది జనవరి పన్నెండున అని నీ ఉత్తరంలో ఉంది. పదకొండో తేదీ రైలుకు మూడు టిక్కెట్లు తీశాను. అవ్వ మోకాలు ఎలా ఉన్నా వస్తానంటోంది. ఈ ఉత్తరం చదివి నీకు కోపం వస్తే, రావడం న్యాయమే, అప్పటిదాకా దాన్ని అలాగే ఉంచుకో. జవాబులో మెత్తగా రాసి నన్ను ఓదార్చకు. ఆ రోజు నా ముందు నిలబడి చెప్పు. నేను వింటాను.

ఇట్లు,
గేటు తెరవకముందే వచ్చి నిలబడబోయే
నీ అమ్మ,
కళైవాణి